ఆ ఫైలు యాడున్నదో అడిగి చూద్దాం

తరిగొప్పుల మండలం ఏ రోజు ఏర్పడిందో గుర్తుందా మీకు? 2016 అక్టోబర్ 11. దసరా పండుగ. ఆ ఒక్కరోజులో 10 జిల్లాల తెలంగాణ 31 జిల్లాలైంది. పాత వరంగల్ జిల్లా విడిపోయి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వేరే జిల్లాలయ్యాయి. అంతదాకా నర్మెట్ట మండలంలో ఒక ఊరుగా ఉన్న తరిగొప్పుల తనే మండల కేంద్రమైంది. నర్మెట్ట దాకా పోవాల్సిన పనులు ఊళ్లోనే అవుతాయని జనం సంతోషపడ్డారు, న్యాయమే. కానీ కంప్యూటర్లలో దాచుకున్న పాత కాగితాల మీద కొత్త జిల్లా పేరు ఎవరూ రాయలేదు. వాటిమీద ఇవాళ్టికీ ‘వరంగల్ జిల్లా, నర్మెట్ట మండలం’ అనే ఉంది. అలాంటివాటిని వెతికి పట్టుకునే సంగతే ఈసారి మన కబుర్లు.

మండల కేంద్రంలో ఏ జిరాక్స్ సెంటర్‌లోనైనా కాసేపు కూర్చోండి. ఒక పెద్దమనిషి వస్తాడు. ‘తమ్మీ, అప్పట్ల నువ్వే స్కాన్ చేసి పెట్టినవ్ గదా, గా పహాణీ మల్లొక్కసారి తీసియ్యి’ అంటాడు. ‘జర కూసో పెద్దనాయినా’ అని ఆ పిల్లగాడు ఫోల్డర్ తెరిచి, పైన మూలకున్న డబ్బాలో ‘తరిగొప్పుల’ అని కొడతాడు. పచ్చగీత మెల్లగా జరుగుతుంటుంది. డెస్క్‌టాప్ మీద ఒక ‘న్యూ ఫోల్డర్’, దాంట్లో ఇంకో ‘న్యూ ఫోల్డర్’, దాంట్లో స్కానర్ తనంతట తానే పెట్టుకున్న అంకెల పేర్లు. కాసేపయ్యాక ‘దొర్కుతలేదే, మల్ల తెచ్చుకునుడే’ అంటాడు. పెద్దమనిషి లేచి తహసీల్ ఆఫీసు తొవ్వ పడతాడు. ఆ కాగితం ఆ సిస్టంలోనే ఉంది. ఉన్న కాగితం కోసం ఆయన ఒక పూట పని పోగొట్టుకుంటున్నాడు. నాకైతే ఇది చిన్న విషయంగా తోచదు.

ఆ పిల్లగాడి తప్పేమీ లేదు. వెతకడానికి ఇంకో దారి ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ దారి పేరు కమాండ్ లైన్. నల్లటి తెర, మెరిసే చిన్న గీత, బొమ్మలు లేవు, బటన్లు లేవు. ఏం కావాలో రాసి ఎంటర్ కొట్టాలి. సినిమాల్లో హ్యాకర్లను చూపించి చూపించి దాన్నొక భయంకరమైన వస్తువుగా చేశారు. నిజానికి అక్కడ జరిగేది ఒక ప్రశ్న, ఒక జవాబు. మనకు ఆ ఫైలు గురించి ఏం గుర్తుందో చెప్పుకుంటాం, అది పోయి వెతుక్కొస్తుంది. పేరులో సగం గుర్తుంటే సగమే చెప్పవచ్చు. పేరు అసలే గుర్తు లేకపోతే ‘పోయిన వారం చేసింది’ అనవచ్చు, ‘బాగా పెద్ద ఫైలు’ అనవచ్చు, ‘లోపల ఫలానా మాట ఉంటది’ అనవచ్చు.

ముందు పేరుతో వెతకడం చూద్దాం. దీనికి వాడే కమాండ్ పేరు ఫైండ్. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ తయారవుతున్న కాలంలో, 1970ల నడుమ, డిక్ హైట్ అనే ఆయన రాశాడు. అర్ధశతాబ్దం నాటి సరుకు. ఇవాళ్టి లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ అదే పేరుతో, ఇంచుమించు అదే తీరుతో పనిచేస్తోంది. మీ దుకాణంలో ఉన్నది విండోస్ అయినా చింత లేదు. 2016 నుంచి విండోస్‌లోనే లినక్స్‌ను నడుపుకునే ఏర్పాటు వచ్చింది, దాన్ని డబ్ల్యూఎస్ఎల్ అంటారు. ఒక్క జాగ్రత్త: విండోస్‌కు తనదంటూ ఫైండ్ అనే కమాండ్ ఒకటి వేరే ఉంది. అది ఫైళ్లను వెతకదు, ఫైలు లోపలి మాటలను వెతుకుతుంది. పేరొకటే, పని వేరు. విండోస్ నల్లతెరలో పేరుతో వెతకాలంటే డిర్ అని కొట్టి, పక్కన స్లాష్ ఎస్ పెట్టి, కావలసిన పేరు ఇవ్వాలి. అది లోపలి ఫోల్డర్లన్నీ తిరిగొస్తుంది.

ఫైండ్‌ను ఎలా అడగాలో నోటితోనే చెప్తాను, కీబోర్డు మీద మీరే కొట్టి చూడండి. కమాండ్ మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. ముందు ఫైండ్, తర్వాత ఖాళీ, ఒక చుక్క. చుక్క అంటే ‘నేనిప్పుడున్న ఈ ఫోల్డర్ నుంచి మొదలుపెట్టు’ అని అర్థం. మళ్లీ ఖాళీ, ఒక చిన్న అడ్డగీత, దానికి ఆనించి నేమ్. మళ్లీ ఖాళీ, ఇక కోట్స్‌లో మీకు కావలసిన పేరు: ‘*తరిగొప్పుల*’. ఆ పేరును తెలుగులోనే కొట్టండి. అటూ ఇటూ ఉన్న నక్షత్రాలకు ‘ఇక్కడ ఏమున్నా సరే’ అని అర్థం. వాటివల్ల ‘2019 తరిగొప్పుల పెన్షన్ల జాబితా’ కూడా వస్తుంది, ‘తరిగొప్పుల బడి ఫోటోలు’ కూడా వస్తాయి.

కోట్స్ ఎందుకని అడుగుతారేమో. మనకూ ఫైండ్‌కూ మధ్య షెల్ అనే మధ్యవర్తి ఉంటుంది. నక్షత్రం కనబడగానే ఆ షెల్ తనే ముందు పడి, ఇప్పుడున్న ఫోల్డర్‌లో దానికి సరిపోయే పేర్లను తెచ్చి పెడుతుంది. ఫైండ్‌కు మనం రాసిన నక్షత్రం అందదు. కోట్స్‌లో పెడితే షెల్ దాన్ని ముట్టుకోదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ‘నాకు ఒకసారి వస్తది, ఒకసారి రాదు’ అని విసుక్కునేది చాలాసార్లు ఈ కోట్స్ దగ్గరే.

ఇంగ్లిష్ పేర్ల సంగతి వేరు. మన ఊళ్ల పేర్లను ఇంగ్లిష్‌లో రాయడానికి ఒక పద్ధతంటూ లేదు. తరిగొప్పులను ఒకరు టీతో మొదలుపెడతారు, ఒకరు టీ హెచ్ పెడతారు. ఒకరు పెద్దక్షరాలు, ఇంకొకరు చిన్నవి. నేమ్‌కు ముందు ఐ చేర్చి ఐనేమ్ అంటే పెద్ద చిన్న తేడా పట్టించుకోదు. ఇక మొదటి అక్షరాలు వదిలేసి ‘అరిగొప్పుల’ అనే భాగాన్ని మాత్రం రెండు నక్షత్రాల నడుమ ఇస్తే రెండు స్పెల్లింగులూ దొరుకుతాయి. తెలుగు లిపికి పెద్దక్షరాలు చిన్నక్షరాలు లేవు కాబట్టి మనకు ఆ బాధ ఒకటి తప్పింది. వేరే బాధలున్నాయి, వాటికి వస్తాను.

తేదీతో వెతకడం నాకు అన్నిటికన్నా ఇష్టం, ఎందుకంటే మనిషికి పేరు కన్నా కాలం బాగా గుర్తుంటుంది. ‘బతుకమ్మ ముందర చేసిన’, ‘వడ్లు కొన్నప్పుడు తీసిన’ అంటాం. ఎంటైమ్ అనే షరతు పెట్టి, మైనస్ 7 అంటే గత ఏడు రోజుల్లో మార్పు జరిగిన ఫైళ్లు వస్తాయి. నికరమైన తేదీ కావాలంటే న్యూయర్ అనే మాటకు ఎం, టీ అక్షరాలు అతికించి తేదీ ఇవ్వాలి. 2016-10-11 అని ఇస్తే జిల్లాలు మారిన తర్వాతి ఫైళ్లు. దాని ముందు నాట్ పెడితే అంతకుముందువి. మన పెద్దమనిషి కాగితం 2014 నాటిదనుకోండి. నాట్ పెట్టి, పేరులో నర్మెట్ట ఉన్నవి చూపించమంటే ఎక్కడో అడుగున పడున్నది పైకొస్తుంది.

ఇక్కడొక మెలిక చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టే. ఆ తేదీ ఫైలులో చివరిసారి మార్పు జరిగిన తేదీ, కాగితం పుట్టిన తేదీ కాదు. పైగా లినక్స్‌లో మామూలుగా కాపీ చేస్తే కాపీ మీద ఆ రోజు తేదీ పడుతుంది. పాత తేదీ నిలవాలంటే కాపీ కమాండ్‌కు పి అనే అక్షరం చేర్చాలి. సీటైమ్ అని ఇంకొకటుంది, సి అంటే సృష్టి అనుకుని చాలామంది దాన్ని ఫైలు పుట్టిన రోజుగా లెక్కేస్తారు. అది కాదు. పేరో, యజమానో, అనుమతులో, లోపలి సరుకో ఏది మారినా ఆ గడియారం మారుతుంది. కాబట్టి పెన్‌డ్రైవ్ నుంచి పెన్‌డ్రైవ్‌కు తిరిగొచ్చిన ఫైళ్ల దగ్గర తేదీని పూర్తిగా నమ్మవద్దు.

సైజుతో వెతకడం గురించి రెండు ముక్కలు చాలు. పెండ్లి వీడియోలు తీసే స్టూడియోల్లో హార్డ్‌డిస్కు నిండిపోయినప్పుడు, సైజ్ అని పెట్టి ప్లస్ 1జీ అంటే ఒక జీబీ దాటిన ఫైళ్లన్నీ వరుసగా వస్తాయి. ఏది ఉంచాలో ఏది తీయాలో అప్పుడు తేల్చుకోవచ్చు. అదే చోట డిలీట్ అనే మాట కూడా ఉంది, దాని దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఫైండ్ తన షరతులను ఎడమ నుంచి కుడికి వరుసగా చదువుతుంది. పేరు షరతుకు ముందే డిలీట్ రాస్తే, పేరు చూడకముందే తుడిచేస్తుంది. కనబడినదల్లా పోతుంది, రీసైకిల్ బిన్‌లో కూడా ఉండదు. పెండ్లి ఒక్కసారే జరుగుతుంది. ముందు డిలీట్ లేకుండా నడిపి, వచ్చిన జాబితా మొత్తం చదివి, అప్పుడు అదే కమాండ్‌ను మళ్లీ తెచ్చుకుని చిట్టచివర డిలీట్ చేర్చండి. చదవకుండా మాత్రం వద్దు.

ఫైలు పేరు కాదు, లోపలి మాటే గుర్తుందనుకోండి. దానికి గ్రెప్. దీని పుట్టుక కథ బాగుంటుంది. బెల్ ల్యాబ్స్‌లో లీ మెక్‌మాన్ అనే ఆయన ‘ఫెడరలిస్ట్’ వ్యాసాల మీద పనిచేస్తున్నాడు. అమెరికా రాజ్యాంగం గురించి 18వ శతాబ్దంలో వచ్చిన 85 వ్యాసాలవి, వాటిలో కొన్నింటిని ఎవరు రాశారో తేలలేదు. మాటల వాడుకను బట్టి తేల్చవచ్చునేమోనని ఆయన ఆలోచన. అప్పటి ఎడిటర్ ప్రోగ్రాముకు అంత పెద్ద పాఠం పట్టలేదు. కెన్ థామ్సన్ ఆ ఎడిటర్‌లోని వెతికే భాగాన్ని విడదీసి వేరే ప్రోగ్రాముగా చేసిచ్చాడు. రాసింది ఎవరో తెలుసుకోవాలన్న సాహిత్యపు కోరికకు దొరికిన సాధనం ఇది.

అందుకే దాన్ని మన సాహిత్యం మీద వాడుకోవడం నాకు చాలా సహజంగా అనిపిస్తుంది. తరిగొప్పుల ఉన్న జనగామ జిల్లాలోనే, పాలకుర్తి మండలంలో బమ్మెర ఉంది. పోతన భాగవతం యూనికోడ్‌లో దొరుకుతోంది. పన్నెండు స్కంధాలను పన్నెండు ఫైళ్లుగా ఒక ఫోల్డర్‌లో పెట్టుకుని, పోతన ‘చెరువు’ గురించి ఎక్కడెక్కడ మాట్లాడాడో వెతకాలనుకోండి. ‘చెరువు’ అని కొడితే మీకు నిరాశే. పాత తెలుగులో అది బండి ర, అంటే ‘చెఱువు’. సరే ఱ పెట్టారు. అయినా కొన్ని తప్పించుకుంటాయి, ఎందుకంటే పద్యంలో ద్రుతం తర్వాత వచ్చిన చకారం జకారమవుతుంది, ‘జెఱువు’ అవుతుంది. అప్పుడేం చేయాలి? మొదటి హల్లును వదిలేసి, దాని మీది ఎకారం గుర్తు నుంచి మొదలుపెట్టి వెతకాలి. ఎత్వం, ఱు, వు. తెర మీద ఆ ఎత్వం ఒంటరిగా ఒక చుక్కల గుండ్రం మీద కూర్చుని వింతగా కనిపిస్తుంది, గ్రెప్‌కు మాత్రం ఇబ్బంది ఏమీ లేదు. అక్షరం అనేది మన కంటికి ఒకటే ముద్ద, కంప్యూటర్‌కు హల్లు వేరు, గుణింతం గుర్తు వేరు. వ్యాకరణం తెలిసినవాడు గ్రెప్ పట్టుకుంటే ఎంత పని చేయగలడో దీన్నిబట్టి ఊహించుకోండి. తెలుగు ఎం.ఏ. చదివే పిల్లలకు దీన్ని ఒక తరగతిలో నేర్పాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇప్పుడు అసలు విషయం. మన దగ్గర ఎవరూ ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టరు. ఎందుకన్నా అంటే ‘తెల్గుల పెడ్తె మల్ల దొర్కది’ అంటారు. దొరుకుతుంది. కంప్యూటర్ లోపల తెలుగు అక్షరం ఎలా ఉంటుందో కొంచెం తెలిస్తే చాలు.

యూనికోడ్‌లో తెలుగుకు ఒక వరుస కేటాయించారు. లినక్స్‌లో ఫైలు పేర్లు రాసే పద్ధతి ప్రకారం ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు సరిపోతే, తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. ‘తరిగొప్పుల’లో త, ర, గుడి, గ, ఒత్వం, ప, పొల్లు, మళ్లీ ప, కొమ్ము, ల కలిపి పది గుర్తులు, 30 బైట్లు. అదే పేరు ఇంగ్లిష్‌లో 11 బైట్లు. లినక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 డిస్కులో ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. అంటే తెలుగు గుర్తులు 85. గుణింతాలూ పొల్లులూ అన్నీ లెక్కలోకే వస్తాయి కాబట్టి అది మనం అనుకున్నంత పొడుగేమీ కాదు. విండోస్ లెక్క వేరు, అక్కడ 255 గుర్తుల దాకా పడతాయి. కాబట్టి విండోస్‌లో ‘తరిగొప్పుల మండలం అక్కరాజుపల్లి గ్రామ పంచాయతీ పాలకవర్గ సమావేశ తీర్మానాల నకలు ప్రతి’ అని ఓపికగా పెట్టుకున్న పేరుకు ఇంకో మూడు నాలుగు మాటలు తోడైతే, లినక్స్‌కు కాపీ చేయబోయినప్పుడు పేరు మరీ పొడుగని ఆగిపోతుంది. తెలుగు పనికిరాదని కాదు, పేరు కొంచెం కురచగా పెట్టుకోవాలని.

తరిగొప్పుల మండలంలోనే ఉన్న అబ్దుల్ నాగారం పేరు తీసుకోండి. ఒకరు మధ్యలో ఖాళీ విడుస్తారు. ఇంకొకరు కలిపి కొడతారు, అప్పుడు ల కింద నావత్తు పడి ‘అబ్దుల్నాగారం’ అవుతుంది. మూడోవారికి ఆ వత్తు నచ్చక, కీబోర్డులో కంటికి కనబడని ఒక గుర్తు వేసి ‘అబ్దుల్‌నాగారం’ చేస్తారు. ఆ కనబడని గుర్తు కూడా పేరులో భాగమే, దానికీ మూడు బైట్లే. కనుక మూడు పేర్లూ కంప్యూటర్‌కు మూడు వేరువేరు ఊళ్లు. ‘అబ్దుల్*నాగారం’ అని నడుమ నక్షత్రం పెట్టి అడిగితే మూడూ వస్తాయి. ‘జనగామ’, ‘జనగాం’ తగాదా కూడా అంతే. ‘జనగా*’ దగ్గర ఇద్దరూ కలుస్తారు.

పేరులో ఖాళీలుంటే ఇంకో తలనొప్పి ఉంది. ఫైండ్ తెచ్చిన జాబితాను గ్రెప్‌కు అందించడానికి ఎక్స్ఆర్గ్స్ అనే కమాండ్ వాడతాం. అది ఖాళీ కనబడిన చోటల్లా పేరు అయిపోయిందనుకుంటుంది. ‘అబ్దుల్ నాగారం’ అనే ఒక్క ఫైలును ‘అబ్దుల్’ అనీ ‘నాగారం’ అనీ రెండు ఫైళ్లుగా చూసి, రెండూ లేవని చెప్తుంది. ఫైండ్ చివర ప్రింట్0, ఎక్స్ఆర్గ్స్ పక్కన అడ్డగీతతో సున్నా పెడితే ఖాళీలున్న పేర్లు చెక్కుచెదరవు. ఆ సున్నాలు రెండూ జంటగా ఉండాలి.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ‘రైతు’ అనే మాట. మన మండలంలో ఆ మాట లేని ఫోల్డర్ ఎక్కడుంటుంది చెప్పండి! రైతుబంధు, రైతుబీమా, రైతు వేదిక. ఇందులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా దాచవచ్చు. ఒక పద్ధతిలో ఐత్వం ఒకే గుర్తు. రెండో పద్ధతిలో ముందు ఎత్వం, దాని కింద ఐత్వపు తోక, మొత్తం రెండు గుర్తులు. తెర మీద రెండూ ఒకటే ‘రై’. తెలుగు వరుస మొత్తంలో ఇలా రెండు రూపాలున్న గుర్తు ఇదొక్కటే. కీబోర్డులు మామూలుగా మొదటి రూపమే ఇస్తాయి. 2017లో యాపిల్ కొత్త డిస్కు పద్ధతి తెచ్చేదాకా మ్యాక్ కంప్యూటర్లు మాత్రం ఫైలు పేర్లను రెండో రూపంలోకి విడదీసి దాచేవి. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో పాత మ్యాక్ మీద చేసిన ‘రైతు’ ఫైలు పెన్‌డ్రైవ్ ఎక్కి మన దగ్గరికొచ్చిందనుకోండి. కళ్లముందే కనబడుతుంటుంది, ఫైండ్‌ను అడిగితే లేదంటుంది. అది అబద్ధం ఆడటం లేదు, మనం అడిగిన బైట్లు నిజంగానే అక్కడ లేవు. ‘ర*తు*’ అని ఐత్వం బదులు నక్షత్రం పెట్టండి, రెండు రూపాలూ దొరుకుతాయి. నక్షత్రమే పెట్టాలి. ప్రశ్నార్థకం గుర్తు పెడితే ఒక్క గుర్తుకే సరిపోతుంది, విడిపోయిన రూపం తప్పిపోతుంది.

ఇంకో మాట. చాలా నల్లతెరల్లో తెలుగు సరిగ్గా కనబడదు. ఒత్తులు పక్కకు జరుగుతాయి, అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. అక్షరానికొక గడి చొప్పున సమానంగా గీసుకున్న తెర అది, మన లిపి ఆ గడుల్లో ఇమడదు. అది చూసి బెదరకండి. వెతికేటప్పుడు పోల్చేది లోపలి బైట్లను, పైన కనిపించే బొమ్మను కాదు. తెర మీద ముక్కలుగా కనబడినా ఫైలు దొరుకుతుంది.

ఫైండ్ మెల్లగా పోతుందని కొందరి ఫిర్యాదు. అది రికార్డు రూములోకి పోయి, బట్టలో కట్టిన ప్రతి బస్తానూ విప్పి చూసే మనిషి పని. పక్కనే రిజిస్టర్ ఉంటే అందులో చూసి ‘ఫలానా బీరువాలో మూడో బస్తా’ అని చెప్పవచ్చు కదా. ఆ పని చేసేది లొకేట్. జేమ్స్ వుడ్స్ 1983లో ఆ ఉపాయం రాశాడు. అప్‌డేట్‌డీబీ అనే తోడు ప్రోగ్రాము రోజుకోసారి డిస్కంతా తిరిగి పేర్ల జాబితా రాసి పెడుతుంది, లొకేట్ ఆ జాబితాలో చూసి రెప్పపాటులో చెప్తుంది. పొద్దున స్కాన్ చేసిన కాగితం మాత్రం ఆ జాబితాలో ఇంకా ఎక్కదు. పాతవాటికి లొకేట్, ఇవాళ్టివాటికి ఫైండ్, అని పెట్టుకోండి.

కంప్యూటర్ లేనివాళ్లకూ ఈ కబుర్లు పనికొస్తాయి. ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ అనే యాప్ వేసుకుంటే అదే నల్లతెర, అదే ఫైండ్. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో పేరులో ఐఎంజీ తర్వాత ఏడాది, నెల, తేదీ కలిపి ఎనిమిది అంకెలుంటాయి. ఫలానా రోజు మేనమామ పంపిన పాస్‌బుక్ ఫోటో కావాలంటే ఆ ఎనిమిది అంకెలకు అటూ ఇటూ నక్షత్రాలు పెట్టి అడిగితే చాలు, గుడ్ మార్నింగ్ బొమ్మల వేల ఫోటోలను వేలితో తోసుకుంటూ పోనక్కరలేదు.

గ్రెప్ చేయలేనివి కూడా చెప్పాలి కదా. మన డీటీపీ సెంటర్లలో ఏళ్లతరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టిన తెలుగు, చూడటానికే తెలుగు. లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలు, వాటికి తెలుగు బొమ్మలు తొడిగారు. ఆ ఫైళ్లలో ‘తరిగొప్పుల’ అని ఎంత గ్రెప్ చేసినా రాదు, ఎందుకంటే ఆ పేరు అక్కడ లేనే లేదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకోవాలి. ఊరి చరిత్రలు, జాతర కరపత్రాలు, బడి వార్షికోత్సవ సంచికలు ఎన్నో ఇలా పాత డిస్కుల్లో మూగగా పడున్నాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన పేరుతో, వేమన పేరుతో యూనికోడ్ ఫాంట్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చి చాలా ఏళ్లయింది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం 2005 నుంచి పనిచేస్తున్నారు. ఇన్ని ఉండగా ఇవాళ కొత్తగా కొట్టే కాగితాన్ని కూడా పాత ఫాంట్లలోనే కొట్టడం నాకు బాధగా ఉంటుంది.

స్కాన్ చేసిన కాగితం ఇంకా కష్టం. అది ఫోటో, అందులో అక్షరాలు లేవు. అచ్చు కాగితమైతే టెసరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్ తెలుగును చదివి పాఠంగా మార్చగలదు. ఆ పాఠాన్ని అదే పేరుతో పక్కన పెట్టుకుంటే గ్రెప్‌కు దొరుకుతుంది. తప్పులుంటాయి కనుక పూర్తి పేరుతో కాకుండా రెండు మూడు అక్షరాలతో వెతకండి. కానీ పెద్దమనుషులు ఎక్కువగా అడిగేది 1954-55 ఖాస్రా పహాణీ. అది చేతిరాత, పాత రికార్డుల్లో ఉర్దూ రాత కూడా ఎక్కువే. దాన్ని ఈ యంత్రం చదవలేదు. దానికి మనం పెట్టే పేరే దిక్కు.

అందుకని స్కాన్ అయిన వెంటనే అరనిమిషం ఆగి పేరు పెట్టండి. ముందు ఏడాది, తర్వాత ఊరు, తర్వాత కాగితం రకం, సర్వే నంబర్. సర్వే నంబర్‌లో బై ఉంటుంది, 123/అ లాగ. ఆ ఏటవాలు గీతను ఫైలు పేరులో రానివ్వదు, విండోస్ రానివ్వదు, లినక్స్ అసలే రానివ్వదు, అక్కడ దానికి ఫోల్డర్ అని అర్థం. దాని బదులు అడ్డగీత పెట్టి 123-అ అని రాయండి. దుకాణంలో ఇద్దరుంటే ఇద్దరూ ఒకే గుర్తు వాడాలని ముందే అనుకోండి. రెండోవారు మరచిపోయి కింది గీత పెట్టి ఉంటే ‘*123?అ*’ అని అడగండి, రెండు రకాలూ వస్తాయి.